నిశ్శబ్దంగా తీసే కెమెరా వచ్చింది, ఇక చప్పట్లెందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కొంగల గుంపు చెరువు మీద నుంచి ఒక్కసారిగా లేచిన ఫొటో వేశారు. చూడముచ్చటగా ఉంది. తీసినవారిని తప్పుపట్టడానికి కాదు ఈ ఉత్తరం. అలాంటి ఫొటోలు చాలావరకు చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి పక్షుల్ని లేపితేనే పుడతాయని తెలిసినవాణ్ణి కాబట్టి, ఈమధ్య నా చేతికొచ్చిన కొత్త కెమెరా సంగతితో కలిపి రెండు మాటలు రాస్తున్నాను.

తెనాలిలో మాకు ఫొటో స్టూడియో ఉంది. ఫిల్ము రోజుల నుంచి పెళ్లిళ్లు తీసినవాణ్ణి. ఇప్పుడు స్టూడియో మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను తీరిక దొరికితే గుంటూరు దగ్గర పక్షులు గూళ్లు కట్టుకునే ఉప్పలపాడు చెరువుకు వెళ్తుంటాను. ఇన్నాళ్లూ లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌తోనే నెట్టుకొచ్చి, ఈ చలికాలం అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారాను. కంపెనీ పేరు రాస్తే ప్రకటన అవుతుంది, వద్దు. 32.5 మెగాపిక్సెళ్ల బాడీ, దానికి 100-400 జూమ్ లెన్సు. వెలుగును ఫొటోగా పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి 1.6 రెట్ల లెక్కన 400 దగ్గర 640 మిల్లీమీటర్ల లెన్సుతో చూసినట్టు ఉంటుంది. రెండూ కలిపినా బరువు ఒకటింబావు కిలో. ట్రైపాడ్ అటక ఎక్కింది.

మొదట విస్తుపోయింది చప్పుడు లేకపోవడానికి. లోపల అద్దమే లేదు కనుక అది లేచి పడే శబ్దమూ లేదు. కదిలే తెర లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఫొటో పడిందో లేదో తీసేవాడికే అనుమానం వస్తుంది. రెండోది కన్ను. పక్షి ఫ్రేములోకి రాగానే చిన్న చతురస్రం దాని కంటి మీద వాలి, అది తల తిప్పినా వెంటే తిరుగుతుంది. సర్కారు తుమ్మ కొమ్మ మీద గూడబాతు (పెలికాన్) నోరు తెరిచింది, పిల్ల తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు వెతుక్కుంటోంది. అంత పెనుగులాటలోనూ ఫోకస్ తల్లి కన్ను వదల్లేదు. అయితే కొమ్మలు మరీ దట్టంగా ఉంటే ముందున్న పుల్లను పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు రింగు చేత్తో తిప్పి దారిలో పెట్టాల్సిందే.

లోపాలు లేకపోలేదు. 400 దగ్గర లెన్సు తెరుచుకునేది ఎఫ్ 8 వరకే, అంటే లోపలికి వచ్చే వెలుగు తక్కువ. తెల్లవారుజామున ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే చురుకు) 6400కు పోతే ఈకల నునుపు పోయి గరుకు మిగులుతుంది. వ్యూఫైండర్ కూడా ఒక తెరే కాబట్టి చూస్తున్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఇంకో తంటా: సెన్సర్ వరుస తరవాత వరుసగా దృశ్యాన్ని చదువుతుంది, ఈలోపు రెక్క కదిలిపోతే వంగినట్టు పడుతుంది. గూడబాతు నిదానంగా రెక్కలాడిస్తుంది, దానికి పెద్దగా తెలియదు. నీటికాకి లేచేటప్పుడు తీస్తే తెలుస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఈ కెమెరాలో ఒక సదుపాయం ఉంది. బటన్ సగం నొక్కి ఉంచితే, పూర్తిగా నొక్కడానికి అర సెకను ముందు జరిగింది కూడా కార్డులోకి ఎక్కుతుంది, అదీ సెకనుకు 30 ఫ్రేముల చొప్పున. పక్షి ఎగిరాక మనం ఉలిక్కిపడి నొక్కినా, అది కాళ్లు ముడిచి కొమ్మను వదిలిన క్షణం మన దగ్గర ఉంటుంది. దాని ఇష్టప్రకారం అది లేచేదాకా కూర్చుంటే చాలు. ఇంకా చప్పట్లు ఎందుకు, రాళ్లు ఎందుకు?

వాచ్‌టవర్ దగ్గర ఒక కుర్రాడు అదే పనిగా చప్పట్లు కొడుతుంటే ఎందుకు బాబూ అన్నాను. "లేస్తేనే కదండీ ఫొటో" అన్నాడు. అతని చేతిలో నా దానికంటే ఖరీదైన కెమెరా ఉంది. నా కెమెరా ఇచ్చి ఒక గూడు చూడమన్నాను. ఎర్రకాళ్ల కొంగ మిట్టమధ్యాహ్నపు ఎండలో రెక్కలు సగం విప్పి, పిల్లల మీద గొడుగు పట్టినట్టు నిలబడి ఉంది. నీడలో ఉండి కూడా పిల్లలు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. మన చప్పట్లకు తల్లి లేచిపోతే ఆ ఎండంతా వాటి నెత్తినే, పైగా కాకులు కాచుకుని ఉంటాయి. కుర్రాడు చాలాసేపు చూశాడు. మారాడో లేదో నేను చెప్పలేను, ఆ పూటకు మాత్రం ఊరుకున్నాడు.

ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను, గుడ్లను కలవరపెట్టడాన్ని కూడా "వేట" కిందే లెక్కగట్టింది.

అందుకని మీకు ఒక మనవి. పక్షుల ఫొటో పంపినవారిని ఎంత దూరం నుంచి తీశారో, అవి తమంతట తామే లేచాయో లేదో అడిగి, ఆ సంగతి ఫొటో కింద ఒక్క వరుసలో వేయండి. చెప్పడానికి ఇష్టపడనివారి ఫొటో పక్కన పెట్టండి. ఎటూ ఆ వరుస దిద్దుతారు కాబట్టి ఇంకోటి కూడా చూడండి. ఆ ఆదివారం ఫొటో కింద మీరు "సైబీరియా అతిథులు" అని రాసినవి ఎర్రకాళ్ల కొంగలు. మన చెరువుల్లోనే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే ఈ దేశపు పక్షులకు సైబీరియాతో సంబంధం లేదు.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్, తెనాలి