ఒరిజినల్ అని చెప్పి అతుకు చెక్క పంపారు, నా డబ్బు వాపసు ఇవ్వండి

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కస్టమర్ సర్వీస్‌లో నాతో తెలుగులో మాట్లాడిన ఆమె ఫిర్యాదు తెలుగులోనే పంపమన్నారు, అందుకే మీ దగ్గర కొన్న రైఫిల్ ముందు చెక్క గురించి ఇలా రాస్తున్నాను.

నేను టెక్సాస్‌లో ఉంటాను. నా దగ్గర 1942లో బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్ రైఫిల్ ఉంది. యుద్ధం తర్వాత ఇలాంటివి అమెరికాలో చవగ్గా అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళు వేటకు తేలిగ్గా ఉండాలని ముందు చెక్కను సగానికి కోసి, బ్యారెల్ పైన కప్పే చెక్కలు, అంటే హ్యాండ్‌గార్డులు, తీసి పారేసేవారు. నాదీ అలా కోసిందే. అదృష్టం కొద్దీ బ్యారెల్ జోలికి పోలేదు, 25.2 అంగుళాలూ ఉంది. కాబట్టి పాత రూపానికి తేవచ్చు.

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. ఆయన మోసిన రైఫిల్ ఇదేనని నేను అనను, రకం మాత్రం ఇదే. మా ఇంట్లో ఉన్న ఫోటోలో ఆయన పక్కన రైఫిల్ చెక్క గొట్టం మూతి దాకా ఉంటుంది. నాదీ అలా కనిపించాలని రెండేళ్ళుగా నోస్‌క్యాప్ (మూతి దగ్గర లోహపు తొడుగు), బ్యాండ్లు (చెక్కను బిగించే లోహపు పట్టీలు), హ్యాండ్‌గార్డులు ఒక్కొక్కటే పోగుచేశాను. ఫోర్‌ఎండ్, అంటే ముందు చెక్క, ఒక్కటే మిగిలింది.

"ఒకే చెక్క, ఎప్పుడూ వాడని ఒరిజినల్" అన్న మీ మాట నమ్మి 310 డాలర్లు కట్టాను. వచ్చింది రెండు ముక్కలు అతికించిన చెక్క. అతుకు సరిగ్గా బయటి బ్యాండ్ కూర్చునే చోట ఉంది. మీ ఫోటోలో అక్కడ బ్యాండ్ బిగించి ఉంది, అందుకే కనపడలేదు. బ్యాండ్ తీసి చూస్తే అతుక్కి అటూ ఇటూ చెక్క గీతలు కలవడం లేదు. పైన ముదురు రంగు పూశారు. సైన్యం వర్క్‌షాపుల్లోనూ అతుకులు వేసేవారని నాకు తెలుసు. కానీ వేటకు కోసేసిన చెక్కకి కొత్త మూతి అతికించి, దాన్ని వాడని సరుకని అమ్మడం వేరు.

అంతకన్నా పెద్ద లోపం వెనక చివర ఉంది. రైఫిల్ కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా అక్కడ రిసీవర్‌ను (బోల్ట్ కదిలే లోహపు భాగాన్ని) ఆనుకునే రెండు చెక్క ముఖాల మీదే పడుతుంది. అవి బిగుతుగా లేకపోతే గురి నిలవదు, కొన్నాళ్ళకి చెక్క చీలిపోతుంది. మీరు పంపినదాంట్లో కుడివైపు అంచు రాలిపోయింది, ఎడమవైపు నొక్కుకుపోయింది. వాడని చెక్క ఇలా ఉండదు.

రైఫిల్‌కి పెట్టి చూశాను కాబట్టి వాపసు తీసుకోబోమని మీవాళ్ళు అన్నారు. పెట్టి చూడకుండా సరిపోతుందో లేదో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? దాని మీద ఉలి గానీ ఉప్పుకాగితం గానీ పెట్టలేదు. వచ్చినది వచ్చినట్టే ఉంది. పెట్టె తెరిచిన రోజే తీసిన ఏడు ఫోటోలు జతచేస్తున్నాను.

310 డాలర్లూ, రానూ పోనూ షిప్పింగ్ ఖర్చూ పది రోజుల్లో నా కార్డుకు జమచేయండి. ఇంకో ముక్క పంపుతామని అనొద్దు, మీ దగ్గర మళ్ళీ కొనే ధైర్యం నాకు లేదు. అదే ఫోటోతో ఆ ప్రకటన నిన్న రాత్రి కూడా మీ సైట్లో ఉంది. దాన్ని ఈరోజే తీసేయండి.

ఇట్లు,
మీ కస్టమర్