మందు ఆపేశారన్న మాట

చిరంజీవి లలితకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ కళ్లద్దాలు మార్చింది. వాసు మళ్లీ ఉద్యోగం మారతానంటున్నాడు. నీ నుంచి కబురు లేదు. పనులుంటాయిలే, నేనేమీ అడగడం లేదు.

పిన్ని మాత్రం ఫోనులో ఒక మాట అంది. చిన్నాకు లుకేమియాకని, అదే రక్త క్యాన్సర్‌కని, ఆస్పరాజినేజ్ ఇంజక్షను ఇస్తుండగా ఒళ్లంతా దద్దుర్లు లేచాయనీ, మందు ఆపేశారనీ. పిన్ని చెప్పినదాంట్లో సగం తీసేయాలని తెలుసు. మిగతా సగమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

జంతుశాస్త్రం చెప్పిన నోరు ఊరుకోదు కదా. 1953లో అమెరికాలో జాన్ కిడ్ అనే ఆయన, లింఫోమా అనే క్యాన్సర్ కణితులున్న ఎలుకలకు గినీ పిగ్ రక్తపు సీరం ఇచ్చాడు. కణితులు కరిగిపోయాయి. గుర్రం సీరం ఇచ్చి చూశాడు, కుందేలుది ఇచ్చి చూశాడు, ఫలితం లేదు. ఆ సీరంలో ఆస్పరాజినేజ్ ఉంటుందని క్లెమెంటి 1922లోనే కనిపెట్టి ఉన్నాడు, కానీ ఈ రెంటినీ కలిపి చూసినవాడు లేడు. 1961లో బ్రూమ్ చూశాడు. ఆ ఎంజైము రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టేస్తుంది. మామూలు కణాలు తమకు కావలసింది తామే తయారు చేసుకుంటాయి. లుకేమియా కణాలకు ఆ చేతనైనతనం తక్కువ, మాడి చస్తాయి.

సరే, దద్దుర్ల సంగతి. ఇప్పుడా మందును ఇ. కోలై బాక్టీరియా నుంచి తీస్తారు. పరాయి ప్రోటీను కనుక ఒళ్లు తిరగబడుతుంది. అప్పుడు ఎర్వీనియా అనే మరో బాక్టీరియా నుంచి తీసినదానికి మారుస్తారు. అది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. అందుకే పెగ్ రకం, అంటే ఎక్కువకాలం నిలిచేలా పెగ్ అనే పదార్థం తగిలించిన ఇ. కోలై మందు, ఒక్క మోతాదుకు బదులు రెండు వారాల్లో ఆరు సూదులు వేయడం పరిపాటి. పిల్లవాడికి అన్ని పోట్లా అని నువ్వు వెనకాడకు. ఆపడం వేరు, మార్చడం వేరు. ఏది చేశారో డాక్టరుగారిని సూటిగా అడుగు, కాగితం మీద రాసుకో. ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే శరీరం మందును పనికిరాకుండా చేస్తుంది. రక్తంలో ఎంజైము ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష ఉంది, దాని గురించీ అడుగు. కడుపునొప్పి, వాంతులు వస్తే అజీర్తి అనుకోకు, పాంక్రియాస్ వాపు కావచ్చు. తలనొప్పి తగ్గకపోయినా తేలిగ్గా తీసుకోకు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తు. సొంతంగా ఏ మాత్రా వేయకు.

పాఠం చెప్పకూడదనుకున్నాను. వేళకు తింటున్నావా? అల్లుడుగారిని ఒక పూట వాడి దగ్గర కూర్చోబెట్టి నువ్వు పడుకో. ఉత్తరం రాయనక్కరలేదు, మార్చారా లేదా అన్న ఒక్క ముక్క వాసుతో చెప్పు. పిన్నికి మాత్రం చెప్పకు.

నాన్న