రేషన్ దుకాణంలో కందిపప్పు, జొన్నలు కూడా పెట్టండి

గౌరవనీయులైన తెలంగాణ పౌరసరఫరాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

వరంగల్ కాశిబుగ్గ వైపు బస్తీల్లో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం అయిపోయినా తల్లులు మా ఇంటికి రావడం ఆగలేదు. పిల్ల బరువు పెరగట్లేదని ఒకామె వస్తే, నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయని ఇంకొకామె వస్తుంది. ఉన్న కొద్ది డబ్బులో ఏం కొనాలో, ఎట్లా వండుకోవాలో తెలిసినంత చెప్తాను. ఎంత పొదుపుగా వండినా ఒక చోటికి వచ్చేసరికి ఆ లెక్క ముందుకు పోవడం లేదు. ఆ సంగతి మీకు చెప్పుకోవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా సన్నబియ్యం గురించి ఒక మంచి మాట. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి, మనిషికి 6 కిలోల చొప్పున ఇస్తున్న ఆ బియ్యాన్ని మా బస్తీలో నిజంగా వండుకుని తింటున్నారు. అంతకుముందు దొడ్డు బియ్యం చాలా ఇళ్లలో దోసెల పిండికే పనికొచ్చేవి. మిగతావి వచ్చిన కాడికి అమ్ముకుని, పైన డబ్బులు వేసుకుని కిరాణా కొట్లో సన్నబియ్యం తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడా ఖర్చు తప్పింది. రేషన్ దుకాణం ముందు లైన్లో నిలబడ్డ ఆడవాళ్ల ముఖాల్లో ఆ తేడా నేను చూశాను. అందుకు మీ ప్రభుత్వానికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

అయితే ఈమధ్య ఒక తల్లి అన్న మాట మీకు అట్లాగే రాస్తున్నాను: "బియ్యానికైతే రంది లేదు టీచరమ్మా, అండ్లకే ఏం లేదు." అంటే అన్నంలోకి కలుపుకునేందుకే ఏమీ లేదని.

ఆ ఇంటి లెక్క చెప్తాను, ఎందుకంటే మా దగ్గర ఇట్లాంటి ఇళ్లే ఎక్కువ. భర్త ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ, భార్య ఇంట్లో మిషన్ కుడుతుంది, ఇద్దరు పిల్లలు. కిరాయి, కరెంటు, గ్యాసు, ఫీజులు, ఫైనాన్సు కిస్తీ కట్టాక బియ్యం కాకుండా తిండికి నెలకు రెండు వేలు మిగిలితే అదే ఎక్కువ. అంటే మనిషికి రోజుకు 17 రూపాయలు కూడా రావు. అందులోనే నూనె, ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిగడ్డ, చాయపత్తి, చక్కెర, పాల ప్యాకెట్టు అన్నీ రావాలి. ఇవి లేకుండా పొయ్యి వెలగదు కాబట్టి ముందు వీటికే పోతుంది. కూరగాయలకు, పప్పుకు, గుడ్లకు మిగిలేది చివరి చిల్లర.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనిషి రోజూ ఏం తినాలో దేశమంతటికీ చెప్పే సంస్థ అది. రెండు వేల కేలరీల భోజనానికి వాళ్లు వేసిన పళ్లెంలో బియ్యం, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు గానీ గుడ్డు, మాంసం గానీ 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు ఉంటాయి. ఇప్పుడు రేషన్ కార్డు లెక్క చూడండి. నలుగురున్న ఇంటికి 24 కిలోల బియ్యం, అంటే మనిషికి రోజుకు 200 గ్రాములు. ఆ ఒక్క గడి దాదాపు నిండిపోయింది. పప్పు గడి నిండాలంటే అదే ఇంటికి నెలకు పది కిలోలు కావాలి. కొనేది రెండు కిలోలు. పప్పు తక్కువైన చోట గుడ్డు, మాంసం ఎక్కువ తింటున్నారా అంటే, ఆదివారం పావుకిలో కోడికూర నలుగురికి.

మాంసకృత్తుల లెక్కలో కూడా ఇదే తేలుతుంది. 200 గ్రాముల బియ్యంలో ఉండేది దాదాపు 16 గ్రాములు. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు 46 గ్రాముల దాకా కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో చెప్పింది. మిగతా 30 గ్రాములు ఎక్కడి నుంచి రావాలి?

పప్పే ముందు ఎందుకు తగ్గుతుందో వంటింట్లో ఉన్నవాళ్లకు తెలుసు. జీతం వచ్చిన వారం ముద్దపప్పు. రెండో వారం అదే పప్పులో ఆకుకూర ఎక్కువ, పప్పు తక్కువ. మూడో వారానికి పప్పుచారు. నెలాఖరుకు పచ్చిపులుసు, తొక్కు. అన్నం మాత్రం నెలంతా అంతే ఉంటుంది, కడుపు నిండుతుంది కాబట్టి ఇంట్లో ఎవరూ ఆకలి అనరు. పప్పుచారు వడ్డించేటప్పుడు గరిటె అడుగుదాకా పెట్టి చిక్కటిది భర్తకు, పిల్లలకు వేసి, పైనున్న నీళ్లు తను పోసుకునే తల్లులను ఎంతమందిని చూశానో. అట్లా చేయొద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆ చెయ్యి మారదు. పప్పు ఎక్కువుంటేనే ఆమె వంతు వస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో అయితే 70 శాతం. అంతకుముందు 2015–16 సర్వేలో ఆ పిల్లల లెక్క 60.7. ఈ అంకెలు మీ కార్యాలయంలో ఉంటాయి. వాటి వెనక ఉన్న తెల్లబడ్డ గోళ్లు, పాలిపోయిన కింది రెప్పలు నేను చూసినవి.

అంగన్‌వాడీ నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. మంచి పథకం. దాన్ని నా చేతులతో వడ్డించాను, తిన్న తల్లులు కోలుకోవడం చూశాను. కానీ బిడ్డకు ఆరు నెలలు నిండగానే తల్లి పేరు రిజిస్టర్ నుంచి పోతుంది. బిడ్డకు బాలామృతం అనే పోషకాహార పిండి, గుడ్లు వస్తాయి. ఇంకా పాలిస్తూనే ఉన్న తల్లికి ఆ రోజు నుంచి ప్రభుత్వం ఇచ్చేది బియ్యం మాత్రమే. బడి మానేసి ఇంట్లో ఉన్న పదహారేళ్ల పిల్లకూ అంతే, ముసలమ్మకూ అంతే. ఏ పోషకాహార పథకం లెక్కలోనూ లేని వీళ్లందరి పేర్లూ రేషన్ కార్డులో ఉన్నాయి. అందుకే మహిళా శిశు సంక్షేమ శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

జనానికి తినడం తెలియదు, అవగాహన కల్పించాలి అని సభల్లో అంటుంటారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. మా ఆడవాళ్లకు తెలిసినంత పొదుపు ఎవరికి తెలుసు? వానలు పడగానే గంగవాయిలి కూర తెంపి పప్పులో వేస్తారు. పుంటికూర, తోటకూర చవకగా ఉన్నప్పుడు కూరగాయల జోలికి పోరు. మునగచెట్టున్న ఇంటి నుంచి ఆకు అడిగి తెచ్చుకుంటారు, ఆ మునగాకులో అదే తూకం పాలకంటే కాల్షియం రెండింతలకు పైగా ఉంటుంది. బొబ్బర్లు నానబెట్టి గుడాలు చేసి సాయంత్రం పిల్లలకు పెడతారు. నేను కొత్తగా చెప్పింది కొంచెమే: తిన్న వెంటనే చాయ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు కాబట్టి గంటసేపు ఆగమని, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోమని, బిస్కెట్ ప్యాకెట్టుకు పెట్టే డబ్బుతో పిల్లకు ఒక గుడ్డు పెట్టమని. ఆరేడు రూపాయల గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇవన్నీ చేసేవాళ్లు చేస్తున్నారు. ఇంతా చేశాక కూడా నెలకు ఆ రెండు కిలోల పప్పు మూడో కిలో కావడం లేదు.

నేను అడిగేది ఇది. ప్రతి రేషన్ కార్డుకు నెలకు కనీసం 2 కిలోల కందిపప్పు సగం ధరకు ఇవ్వండి.

2025–26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. క్వింటాలు ఆడిస్తే ఇంచుమించు 70 కిలోల పప్పు వస్తుందనుకుంటే కిలో 115 దగ్గర పడుతుంది, మిల్లు ఖర్చు కలిపి 120 అనుకుందాం. 60కి అమ్మితే కార్డుకు నెలకు ప్రభుత్వం మీద పడేది 120 రూపాయలు. అది చిన్న మొత్తం కాదు, రాష్ట్రమంతా లెక్కేస్తే భారమని నాకు తెలుసు. ఒకేసారి కాకపోతే ముందు నిరుపేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డులకు ఇవ్వండి, తర్వాత మిగతావాళ్లకు.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. తమిళనాడులో రేషన్ దుకాణంలో కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిల్ 25కు ఏళ్లుగా ఇస్తున్నారు. మన ములుగు జిల్లాకు ఆనుకుని ఉన్న ఛత్తీస్‌గఢ్ 2012లోనే ఆహార, పోషకాహార భద్రత చట్టం చేసుకుని పప్పుధాన్యాలను అందులో చేర్చింది. మనకూ అనుభవం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, వాటిలో కిలో కందిపప్పు ఉండేది. చింతపండు, కారం బాగాలేవని అప్పట్లో జనం తిట్టుకున్న మాట నిజమే. దాన్నుంచి నేర్చుకోవాల్సింది తొమ్మిది సరుకులు మనకు అక్కర్లేదని. ఒక్క పప్పు చాలు, అది పురుగు లేకుండా, త్వరగా ఉడికేదిగా ఉండాలి. మూడు విజిల్స్‌కు ఉడకని పప్పు గ్యాసు తినేస్తుంది, రెండో నెల ఎవరూ తీసుకోరు.

ఆరు కిలోల బియ్యంలో ఒక కిలో తగ్గించి ఆ డబ్బుకు పప్పు ఇస్తే సరిపోతుంది కదా అని మీ అధికారులు అనవచ్చు. నేనూ ఆ లెక్క వేసి చూశాను. సన్నవడ్లకు 2025–26 మద్దతు ధర 2,389, మీరిచ్చే బోనస్ 500 కలిపితే క్వింటాలుకు 2,889. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన కిలో బియ్యం 43 రూపాయలు. నలుగురి ఇంట్లో నాలుగు కిలోల బియ్యం తీసేస్తే ఆ డబ్బుకు వచ్చేది కిలోన్నర పప్పు కూడా కాదు. పోయిన బియ్యంలో ఎన్ని మాంసకృత్తులున్నాయో వచ్చిన పప్పులోనూ దాదాపు అన్నే ఉంటాయి. పప్పువి మేలైనవే, కానీ అన్నం తగ్గినందుకు పిల్లలు ఆకలి అంటారు. కాబట్టి పప్పు బియ్యానికి బదులుగా వద్దు, అదనంగానే కావాలి.

బదులుగా ఇవ్వదగ్గవి జొన్నలు. కేంద్రం చట్టప్రకారం ఇచ్చే ఐదు కిలోలకు మన రాష్ట్రం సొంతంగా ఒక కిలో కలుపుతోంది. ఆ ఆరో కిలో బియ్యమో జొన్నలో కార్డుదారు ఇష్టానికి వదలండి. జొన్నల 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 3,699, అంటే కిలో 37 రూపాయలు, సన్నబియ్యం కంటే తక్కువ. వంద గ్రాముల బియ్యంలో 0.65 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే జొన్నల్లో దాదాపు 4 ఉంటుంది. మాంసకృత్తులూ ఎక్కువే. జాతీయ ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాల పేరు ముందు నుంచీ ఉంది.

ఒకప్పుడు మా పెద్దవాళ్లు జొన్న గట్కతో బతికారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక అన్నం అందరిదీ అయింది, పేదవాడికి అది గౌరవం కూడా. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను, అందుకే జొన్నలను ఎవరి నెత్తినా రుద్దొద్దు అంటున్నాను. షుగరున్న పెద్దవాళ్లు ఇప్పటికే కిరాణాలో కొనుక్కుని రొట్టె చేసుకుంటున్నారు. ముందు వాళ్లు తీసుకుంటారు, వాళ్లను చూసి పక్కింటివాళ్లు. పిండి ఇస్తే కొన్నాళ్లకే చేదెక్కుతుంది, గింజలే ఇవ్వండి. ప్రతి గల్లీలో పిండి గిర్ని ఉంది. రొట్టె కొట్టే ఓపిక లేని రోజు రవ్వ పట్టించుకుంటే కుక్కర్‌లో గట్క అవుతుంది.

బియ్యంలో కలిపే బలవర్ధక గింజల గురించి కూడా ఒక విన్నపం. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యప్పిండితో చేసే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన ఇళ్లు నాకు తెలుసు. అవి కలిపి ఇచ్చే ప్రతి చోటా, అవేమిటో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన ఒక బోర్డు దుకాణం ముందు పెట్టించండి.

వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపిన అనుభవం మన ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా సంఘాలకు ఉంది. ఏనుమాములకు వచ్చే కందులను మద్దతు ధరకు కొని, ఈ జిల్లాలోనే ఆడించి, సంచుల్లో నింపి దుకాణాలకు పంపే పని వాళ్లకు అప్పజెప్పవచ్చు. పత్తి చేలో సాళ్ల మధ్య కంది వేసే రైతుకూ ధర మీద భరోసా ఉంటుంది.

వానాకాలం కందులు డిసెంబరు చివరి నుంచి మార్కెట్‌కు వస్తాయి. దళారుల చేతికి పోకముందే కొనాలంటే నిర్ణయం అంతకుముందే జరగాలి. ముందుగా వరంగల్, హన్మకొండ జిల్లాల అంత్యోదయ కార్డులకు ఇచ్చి చూడండి. ఆరు నెలల తర్వాత ఆ ఇళ్ల ఆడవాళ్లకు, పిల్లలకు రక్తపరీక్ష చేయించండి. ఆ ఫలితాలు చూసే మిగతా జిల్లాల సంగతి నిర్ణయించండి. పిలిస్తే ఏ సమావేశానికైనా వస్తాను, నాతో పాటు ఆ తల్లులనూ తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
కాశిబుగ్గ, వరంగల్.