పెరటి వెదురుకు పర్మిట్ ఎందుకు?

సంపాదకులకు,

మా రంపచోడవరం వైపు ఇంటి వెనక పది సెంట్ల దొడ్డి ఉన్నా చాలు, ఓ పనస, రెండు మామిడి చెట్లు, కంచె మూలన వెదురు పొద కనిపిస్తాయి. మా పొద నాన్న నాటింది. తొలకరికి లేచిన కొమ్ము ఒళ్లంతా పొలుసులతో, తాకితే దురద పుట్టించే నూగుతో ఉంటుంది. రెండు మూడు నెలల్లో ఇంటి చూరు దాటేస్తుంది. అంత ఎదిగినా అది లేతదే. మూడేళ్లు నిండిన బొంగునే కొట్టాలి, అదీ చలికాలంలో. వానల్లో కొడితే పురుగు పట్టి పిండిపిండిగా రాలిపోతుంది.

మొన్న సంక్రాంతికి ముందు పాక వేయడానికి ఇరవై బొంగులు అక్కవాళ్ల ఊరు తీసుకెళ్తుంటే దారిలో ఆపి పర్మిట్ అడిగారు. మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కనే నిలబడ్డాం. 1927 నాటి అటవీ చట్టంలో 'చెట్టు' నిర్వచనం నుంచి వెదురును 2017లోనే తొలగించారు. అడవి బయట పెంచిన వెదురును కొట్టడానికీ తరలించడానికీ రైతుకు అడ్డు ఉండకూడదనే కదా ఆ సవరణ! ఆ మాట దారిలో ఆపేవాళ్లకు ఇంకా చేరలేదు. ఈ బాధ పడలేకే మా వీధిలో ఇద్దరు గట్టు మట్టిని పట్టి ఉంచే పొదలు పీకించి జామాయిల్ పెట్టారు. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పెరటి వెదురుకు ఏ కాగితం కావాలో, ఏది అక్కర్లేదో తెలుగులో రాసి ప్రతి పంచాయతీ గోడమీదా, ప్రతి తనిఖీ కేంద్రంలోనూ అంటించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక రైతు, రంపచోడవరం