నిన్నటి దారి నేడు చెప్పవద్దు: మన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ, వేదిక మీది పెద్దలకు, ఈ ఏడాది కొత్తగా మనతో కలిసిన కుటుంబాలకు కార్యవర్గం తరఫున నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు వరకు మన ముంబయి తెలుగు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మార్చి 30న ఉగాది జరుపుకున్నాం. అదే రోజు మరాఠీవారి ఉగాది గుడి పాడ్వా కావడంతో మన చాల్‌లోని (వరుస గదుల అద్దె భవనంలోని) మరాఠీ ఇరుగుపొరుగులు కూడా వచ్చి మన పచ్చడి రుచి చూశారు. బతుకమ్మ, వినాయక చవితి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లడం లేదు. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఆదివారం బల్ల గురించే. ఏడాది పొడుగునా మనకు ఎక్కువ పని పెట్టింది, ఎక్కువ నేర్పింది ఆ బల్లే.

కొత్తవారి కోసం ఒక మాట. ప్రతి ఆదివారం ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం వరకు మన గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటాయి. ఊరి నుంచి వచ్చినవారు ఎవరైనా వచ్చి ఏదైనా అడగవచ్చు. అద్దె గది, ఆసుపత్రి, బడి, రైలు పాసు, ఏదైనా సరే. అడిగింది ఎడమ పేజీలో, చెప్పింది కుడి పేజీలో రాస్తాం.

ఈ నగరానికి మనవాళ్లు రావడం ఈనాటిది కాదు. ఇక్కడ కట్టడాల్లో కూలికి వచ్చిన తెలుగు కామాటీల పేరే కామాటిపురకు మిగిలింది. బట్టల మిల్లులు నడిచిన రోజుల్లో మగ్గం తెలిసిన కుటుంబాలు వర్లీ, పరేల్ చాల్‌లలో స్థిరపడ్డాయి. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడేదాకా, కొత్తగా దిగిన కుర్రవాడికి ఖోలీలో (చిన్న గదిలో) పడుకునే చోటు, మిల్లులో బద్లీ (రానివారి బదులు చేసే) పని చూపించింది ఊరివాళ్లే. ఇప్పుడు వచ్చేవారు వేరు. ఒకరు ఆసుపత్రి ఫైలుతో వస్తారు, ఒకరు కంపెనీ ఇచ్చిన నియామక పత్రంతో, ఇంకొకరు పెళ్లయి భర్త వెంట. అడిగే మాట మాత్రం అదే: ఇక్కడ ఎలా బతకాలి, ఎవరిని నమ్మాలి?

ఇక ఈ ఏడాది జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. అది మనదే. సెప్టెంబరు నెలాఖరులో శ్రీకాకుళం వైపు నుంచి ఒక దంపతులు టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చారు. ప్రభాదేవి స్టేషనులో దిగి మనకు ఫోను చేశారు. బల్ల దగ్గర కూర్చున్న సభ్యుడు ఇరవై ఏళ్లుగా చెబుతున్న మాటే చెప్పాడు: టాక్సీ ఎక్కండి, వంతెన దాటితే ఆసుపత్రే. ఆ ఎల్ఫిన్‌స్టన్ వంతెనను సెప్టెంబరు 12న మూసివేశారు. వందేళ్లకు పైబడిన ఆ వంతెన స్థానంలో శివడీ నుంచి వర్లీకి వేసే కొత్త దారి కోసం దాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు. టాక్సీ చుట్టూ తిరిగి ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ముక్కుకు గొట్టంతో ఉన్న మనిషి వెనక సీట్లో ఒరిగి కూర్చుని గంటసేపు ఆ ఎండ భరించాడు. స్టేషను నడక వంతెన మీదుగా మెల్లగా పరేల్ వైపు దిగి ఉంటే, అక్కడి నుంచి టాక్సీలో కొద్ది దూరమే.

ఆ సభ్యుడు మంచి మనసుతోనే చెప్పాడు. అందుకే ఈ విషయం నన్ను ఎక్కువగా బాధించింది. మన ఊళ్లో చెరువుకు దారి అడిగితే తాత చెప్పినా మనవడు చెప్పినా ఒకటే దారి. ఇక్కడ అలా కాదు. ఈ ఒక్క సంవత్సరం లెక్క చూడండి. ఫిబ్రవరి 1 నుంచి టాక్సీ కనీస చార్జీ 28 నుంచి 31 రూపాయలకు, ఆటోది 23 నుంచి 26కు పెరిగింది. మే నెలలో బెస్ట్ (నగర) బస్సు కనీస టికెట్టు 5 నుంచి 10 రూపాయలైంది. అదే నెలలో భూగర్భ మెట్రో మూడో లైను వర్లీలోని ఆచార్య అత్రే చౌక్ దాకా, అక్టోబరులో కఫ్ పరేడ్ దాకా వచ్చింది. విమానాశ్రయం నుంచి దాదర్‌కు, సీఎస్‌ఎంటీకి (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) టాక్సీ తప్ప గతి లేదని మనం చెబుతూ వచ్చిన మాట దాంతో పాతబడింది. సెంట్రల్, వెస్టర్న్ లైన్లు రెండూ ఉన్న దాదర్ స్టేషనులో సెంట్రల్ వైపు ప్లాట్‌ఫారాల నంబర్లు 2023 డిసెంబరులోనే మారాయి. ఇప్పుడు అక్కడ 8 నుంచి 14 వరకు ఉంటాయి. అయినా మనలో పెద్దవారు ఇప్పటికీ "సెంట్రల్ ఒకటో నంబరు" అని చెప్పి పంపుతుంటే, కొత్తవారు వెస్టర్న్ వైపు ఒకటో నంబరులో నిలబడి మనకే మళ్లీ ఫోను చేస్తున్నారు.

అందుకని అక్టోబరు కార్యవర్గ సమావేశంలో ఒక నియమం పెట్టుకున్నాం. నోటుపుస్తకం కుడి పేజీలో రాసే ప్రతి జవాబు పక్కన ఎర్ర సిరాతో రెండు సంగతులు ఉండాలి: ఆ దారిన చివరిసారి వెళ్లింది ఎవరు, ఎప్పుడు. ఆరు నెలలు దాటిన జవాబును మళ్లీ చూసివచ్చాకే చెప్పాలి. తెలియకపోతే తెలియదని చెప్పి, ఫోను నంబరు తీసుకుని, కనుక్కుని తిరిగి చెప్పాలి. మొదట్లో కొందరు సభ్యులకు ఇది చిన్నతనంగా అనిపించింది. నలభై ఏళ్లుగా ఇక్కడ ఉన్నవారిని నిన్న ఎటు వెళ్లావని అడగడం కదా. కానీ నవంబరులో ఆ పెద్దలే చేతికర్ర పట్టుకుని పరేల్ నుంచి ప్రభాదేవికి నడక వంతెన మీద నడిచి, మెట్లు లెక్కపెట్టి వచ్చారు. వారికి ఈ సభాముఖంగా చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఆసుపత్రికి వచ్చేవారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పుస్తకంలో బరువైన పేజీలు అవే. టాటా ఆసుపత్రి 1941 నుంచి పరేల్‌లో ఉంది. ఊళ్లో "టాటాకు వెళ్లు" అంటారు. కానీ అదే సంస్థకు నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో ఇంకొక పెద్ద కేంద్రం ఉంది. కాగితం మీద రాసింది ఏ చోటో చూడకుండా రైలు దిగినవారు రోజంతా పోగొట్టుకుంటున్నారు. ఖార్‌ఘర్ అయితే ఎల్‌టీటీలో (లోకమాన్య తిలక్ టెర్మినస్) దిగినవారు పరేల్ దాకా రానవసరమే లేదు. తిలక్‌నగర్‌లో గానీ కుర్లాలో గానీ పన్వేల్ లోకల్ ఎక్కితే చాలు. కాబట్టి మనం అడగవలసిన మొదటి ప్రశ్న: పరేలా, ఖార్‌ఘరా?

రెండో ప్రశ్న: స్లైడ్లు, బ్లాకులు తెచ్చారా? ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు కాగితం తెస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. ఇక్కడి డాక్టర్లు ఆ ముక్కను తమ ప్రయోగశాలలో మళ్లీ చూస్తారు. అందుకు గాజు పలకలు, మైనంలో పోసిన ఆ చిన్న దిమ్మలు కావాలి. జూలైలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తల్లి చీర కొంగుముడి విప్పి, నీటుగా మడిచిన రిపోర్టులు పదమూడు బల్ల మీద పరిచింది. ఒక్క కాగితం కూడా నలగలేదు. దిమ్మ మాత్రం ఊళ్లోని ల్యాబులోనే ఉండిపోయింది. అది ఉంటుందని ఆమెకు చెప్పినవారే లేరు. కొడుకు ఆ రాత్రే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెనక్కి వెళ్లి తెచ్చాడు. ఇప్పుడు ఎవరు ఊరి నుంచి ఫోను చేసినా, రైలు టికెట్టు మాటకన్నా ముందు ఈ మాట చెబుతున్నాం.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. టాటా సంస్థే విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని నడుపుతోంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చేవారు తర్వాతి చికిత్స అక్కడ కుదురుతుందేమో తమ డాక్టరును అడిగితే అద్దె, ప్రయాణం, కూలి నష్టం తగ్గవచ్చు. నిర్ణయం డాక్టరుదే, అడగమని చెప్పడం మన పని. అలాగే లోకల్ రైళ్లలో దివ్యాంగుల పెట్టెలో క్యాన్సర్ రోగులు ఎక్కవచ్చు. ఆసుపత్రి కాగితం చేతిలో ఉంచుకోవాలి. ఆ పెట్టె ప్లాట్‌ఫారం మీద ఎక్కడ ఆగుతుందో చూపించడానికి మన యువజన విభాగం పిల్లలు పరేల్‌లో వెంట వెళుతున్నారు.

లోకల్ రైలు విషయానికి వస్తే, ప్రమాదమూ అక్కడే, భయమూ అక్కడే. జూన్ 9న ముంబ్రా దగ్గర కిక్కిరిసిన బండ్ల నుంచి ప్రయాణికులు జారిపడి చనిపోయిన రోజు మన వాళ్ల ఇళ్లలో ఎవరికీ అన్నం సహించలేదు. కొత్తవారికి మనం చెప్పేది ఒకటే మాట: తలుపు దగ్గర వేలాడకండి, ఆ బండి పోతే ఇంకొకటి వస్తుంది. పరేల్‌లోనూ ప్రభాదేవిలోనూ స్లో (అన్ని స్టేషన్లలో ఆగే) బండ్లే ఆగుతాయి. ఠాణే నుంచి తెలియక ఫాస్ట్ ఎక్కినవారు దాదర్‌లో దిగకపోతే భాయ్‌ఖలా దాకా వెళ్లిపోతారు. సాయంత్రం అంధేరీలో దిగేవారు విరార్ ఫాస్ట్ ఎక్కవద్దు. అక్కడ దిగనివ్వకుండా లోపలికే నెట్టే జనం ఉంటారు. ఆదివారం మెగాబ్లాక్ (పట్టాల మరమ్మతుకు రైళ్లు ఆపే వేళ) సంగతి ముందురోజే చూసుకోవాలి. మన బల్ల ఆదివారమే కావడం వల్ల ఈ ఇబ్బంది మనకే ఎక్కువ తగిలింది.

మహిళా విభాగం చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. కొత్తగా వచ్చిన కోడళ్లను నలుగురైదుగురిని కలిపి, మధ్యాహ్నం రద్దీ లేని వేళ లేడీస్ పెట్టెలో దాదర్ నుంచి ఠాణేకు తీసుకెళ్లి తీసుకొచ్చారు. ముందు నిలబడినవారిని "దాదర్ ఉతరణార్?" అని మెల్లగా అడిగి, వారు దిగకపోతే పక్కకు తప్పుకుని ముందుకు జరగడం నేర్పారు. నిజామాబాదు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ మాటను అరచేతిలో తెలుగు అక్షరాల్లో రాసుకుని, తిరుగు ప్రయాణంలో తనే గొంతెత్తి అడిగింది. పెట్టెలోని మరాఠీ అక్కలు నవ్వి దారి ఇచ్చారు. మూడు నెలలుగా ఇల్లు దాటని ఆ అమ్మాయి ఇప్పుడు ఒంటరిగా దాదర్ పూలబజారుకు వెళ్లివస్తోంది.

అద్దె గదుల విషయంలో రెండు మాటలు. ఇక్కడ పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం మామూలు. ఎంతకాలానికైనా దాన్ని రిజిస్టరు చేయించాలన్నది 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టం. ఆ బాధ్యత యజమానిదే. ఆ కాగితం ప్రతి లేకుండా డిపాజిట్ ఇవ్వవద్దు. ముఖ్యంగా హెవీ డిపాజిట్ పేరుతో లక్షలు ముందే అడిగేచోట. ఈ ఏడాది ఒక బ్రోకరు అలా డబ్బు తీసుకుని ఫోను ఎత్తడం మానేశాడు. మన సభ్యులు పోలీసు స్టేషనుకు వెంట వెళ్లారు, విషయం ఇంకా తేలలేదు. ఇక నీళ్ల సంగతి బ్రోకరును అడగకండి. అదే అంతస్తులో బిందె కడుగుతున్న ఆవిడను అడగండి. నీళ్లు ఎన్నింటికి వస్తాయో, ఎంతసేపు వస్తాయో, వేసవిలో ఏమవుతుందో నిజం అక్కడే దొరుకుతుంది.

ఈసారి వాన మే 26నే దిగింది. మామూలుగా జూన్ 11 ప్రాంతంలో రావాలి. కొత్తగా తెరిచిన ఆచార్య అత్రే చౌక్ మెట్రో స్టేషనులోకి ఆ రోజే నీళ్లు వచ్చాయి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది చూసిన మనకు జాగ్రత్త తెలుసు, కొత్తవారికి తెలియదు. వాన గట్టిగా పట్టి, సముద్రపు పోటు 4.5 మీటర్లు దాటే వేళ నీళ్లు నిలిచే హింద్‌మాతా వైపు వెళ్లవద్దని, మోకాలి లోతు నీళ్లలో మ్యాన్‌హోల్ కనబడదని ప్రతి ఒక్కరికీ చెప్పాం. 2017 ఆగస్టులో ఎల్ఫిన్‌స్టన్ దగ్గర ఒక పేరున్న డాక్టరు అలాగే ప్రాణం పోగొట్టుకున్నారు. కార్పొరేషన్ విపత్తు నంబరు 1916ను గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

బడుల గురించి అడిగినవారికి, కార్పొరేషన్ నడిపే తెలుగు మాధ్యమం బడులు ఇంకా ఉన్నాయని, ఏ బడిలో చేరినా మరాఠీ నేర్పడం తప్పనిసరి అని చెబుతున్నాం. మరాఠీ మాట్లాడడానికి తోడుగా ఇద్దరు పొరుగింటి టీచర్లు శనివారాలు వచ్చి మన పిల్లలతో కూర్చుంటున్నారు. వారికి ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం అడుగుతున్నది ఎక్కువ డబ్బు కాదు. నెలకు ఒక్క ఆదివారం బల్ల దగ్గర కూర్చునేవారు ఇంకా కావాలి. వారంలో మీరు తిరిగిన దారుల్లో ఏదైనా మారి ఉంటే రెండు ముక్కలు పుస్తకంలో రాసిపోండి, అది చాలు.

డిసెంబరు ఆఖరి ఆదివారం రాసిన ప్రశ్నకు ఇంకా కుడి పేజీ ఖాళీగా ఉంది. చదువుతాను: "అమ్మను జనవరిలో విశాఖ బండిలో తెస్తున్నాను. మోకాళ్లు వంగవు, మెట్లు ఎక్కలేదు. ఎల్‌టీటీలో దిగి కుర్లా మీదుగా పరేల్ వెళ్లాలి. లిఫ్టు ఏ ప్లాట్‌ఫారం చివర ఉంది, పనిచేస్తోందా?" ఈ మధ్య ఆ దారిలో వెళ్లినవారు ఎవరైనా ఉంటే, సమావేశం అయ్యాక నన్ను కలవండి. లేకపోతే రేపు ఉదయం నాతో కుర్లాకు ఎవరు వస్తారో చెప్పండి.

గౌరవ కార్యదర్శి