మన నర్సుల చదువు గుర్తింపుపై జర్మనీ కార్మిక మంత్రికి బహిరంగ లేఖ

జర్మనీ కార్మిక, సామాజిక వ్యవహారాల మంత్రి బేర్బెల్ బాస్ గారికి,

నమస్కారం. తెలుగు రాష్ట్రాల నుంచి జర్మనీ ఆసుపత్రులకు వెళ్లే నర్సుల కాగితాల పని చూసేవాళ్లం మేము. ప్రత్యేకించి మీకే రాయడానికి మీరు నడిచివచ్చిన దారే కారణం. హాప్ట్‌షూలే (జర్మనీలో ప్రాథమిక స్థాయి హైస్కూలు) చదువుతో బయటికొచ్చి, డ్యూయిస్‌బుర్గ్ రవాణా సంస్థలో ఆఫీసు సహాయకురాలిగా శిక్షణ పొందారు. ఆరోగ్య బీమా సంస్థలో పనిచేస్తూ సామాజిక బీమా, సిబ్బంది నిర్వహణ అర్హతలు ఒక్కొక్కటే సంపాదించుకున్నారు. 1988లో ఎస్‌పీడీ (సోషల్ డెమోక్రటిక్ పార్టీ)లో చేరారు, 2009లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 2021 నుంచి 2025 వరకు ఆ పార్లమెంటు, అంటే బుండెస్టాగ్ అధ్యక్షురాలిగా ఉన్నారు. ఆ పీఠమెక్కిన మూడో మహిళ మీరు. పని చేస్తూ నేర్చుకున్నదాని విలువ మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా నర్సు మీ దగ్గర పూర్తి స్థాయి నర్సుగా పనిచేయాలంటే, ఇక్కడి చదువు మీ శిక్షణతో సమానమని అక్కడి అధికారులు గుర్తించాలి. మీ దేశంలో నర్సింగ్ శిక్షణ అంటే 2,100 గంటల తరగతులు, 2,500 గంటల ప్రాక్టికల్స్. మా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. చాలాసార్లు కొరత గంటల్లో ఉండదు, వాటి రుజువులో ఉంటుంది. కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో మార్కులుంటాయి కానీ ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారో ఉండదు. కాగితంలో కనబడనిదాన్ని గుర్తింపు అధికారి లోటుగానే రాస్తారు. వృద్ధుల సంరక్షణలో నిజమైన తేడా ఉంది, దాన్ని మేం కాదనం. మిగతా లోట్లలో చాలావరకు కాగితం తెచ్చిపెట్టినవే.

ఏయే లోట్లున్నాయో చెప్పే నోటీసు వస్తే, వాటిని పూడ్చే అనుసరణ కోర్సు చేయాలి, లేదా జ్ఞాన పరీక్షలో నెగ్గాలి. అది పూర్తయి, బీ2 స్థాయి జర్మన్ భాషా సర్టిఫికెట్ కూడా చేతికొచ్చేదాకా ఐసీయూలో ఏళ్లు పనిచేసిన నర్సు సైతం సహాయకురాలి జీతానికే పనిచేయాలి. పని అనుభవంతో లోటు పూడ్చుకోవచ్చని మీ నర్సింగ్ చట్టమే చెబుతోంది. అయితే ఇక్కడి ఆసుపత్రులు ఇచ్చే అనుభవ పత్రం తరచూ రెండు వాక్యాలే. వార్డు, చేసిన పనులు, తేదీలు, వారానికి ఎన్ని గంటలు అన్నవి లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇంకో చిక్కు పేర్లది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పేరు చివరికి చేరుతుంది. ముగ్గురు వేర్వేరు మనుషులేమోనన్న అనుమానంతో ఫైలు ఆగిపోతుంది.

నర్సుల గుర్తింపు రాష్ట్రాల చేతిలో ఉందని తెలుసు. కానీ విదేశీ నిపుణుల కోసం ఒకే డిజిటల్ సంస్థ పెడతామని మీ కూటమి 2025 ఒప్పందంలో మాట ఇచ్చింది. జర్మనీ కేంద్ర ఉపాధి సంస్థ కూడా మీ శాఖ పర్యవేక్షణలోనే ఉంది. కాబట్టి పదహారు రాష్ట్రాలనూ ఒప్పించి ఒకే గంటల పట్టిక, ఒకే అనుభవ పత్రం నమూనా తయారు చేయించండి. పేరు తేడాకు ఒక అఫిడవిట్ చాలని రాయించండి. ఆ నమూనాలు విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వం నడిపే టామ్‌కామ్ సంస్థకు, రెండు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్లకు ముందే పంపితే, విద్యార్థి కాలేజీ దాటకముందే ప్రిన్సిపాల్ చేత నింపించి ముద్ర వేయించే పని మేం చూసుకుంటాం.