పరమాణువుల కొలతలు మూరల్లో కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారములు.

పరమాణువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మీ విజ్ఞాన పుటలో ‘మీటరులో వెయ్యి కోట్లవ వంతు’ అన్న మాట కనిపిస్తుంది. ఆంగ్‌స్ట్రాం అంటే అంతే కనుక అందులో తప్పేమీ లేదు. అయితే ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి, ఆ మాటను పరీక్షలో తప్పు లేకుండా రాసే పిల్లలకు కూడా దాని చిన్నతనం మనసుకు అందదని నాకు తెలుసు. వారి చేతికే ఉన్న కొలతల్లో, అంటే జాన, మూర, బారల్లో, ఆ దూరాలను పక్కనే చెప్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఈమధ్య సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో మా మనవరాలికి పూలు కొంటుండగా, పూలమ్మే ఆమె మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా దండను సాచి, రెండు మూరలు కొలిచి, దారం తెంపి ఇచ్చింది. “తాతయ్యా, ఒక మూరలో ఎన్ని పరమాణువులు పడతాయి?” అని పిల్ల అడిగింది. ఇంటికి వచ్చాక ఇద్దరం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు, అంటే 25 కోట్ల 40 లక్షల ఆంగ్‌స్ట్రాంలు. మూరకు 18 అంగుళాలు వేసుకుంటే 457 కోట్ల 20 లక్షలు, జానకు అందులో సగం. బంగారంలో పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య దూరం 2.88 ఆంగ్‌స్ట్రాంలు కాబట్టి, మూరెడు పొడవున వాటిని ఒకదానికొకటి ఆనించి ఒకే వరుసలో పేరిస్తే దాదాపు 159 కోట్లు పడతాయి. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుందనుకుంటే, క్షణానికి, అంటే సెకనుకు, నాలుగు బంగారు పరమాణువుల మేర ముందుకు జరుగుతుందన్నమాట. ఈ మాట చెప్పగానే పిల్ల తన గోరు వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. పాఠం చెప్పిన ఇన్నేళ్లలో వెయ్యి కోట్లవ వంతు అన్నప్పుడు ఏ ఒక్కరూ అలా చూడలేదు.

మనిషికొక మూర కదా, ఇది శాస్త్రానికి ఎలా పనికివస్తుందని మీ పాఠకులు అడగవచ్చు. పూలమ్మే ఆమె మూర పదహారు అంగుళాలకు మించదు. ఆ లెక్కన 457 కోట్లకు బదులు 406 కోట్లు వస్తాయి. పరమాణువు ఎంత చిన్నదో ఊహించుకోవడానికి ఆ తేడా అడ్డు రాదు. అచ్చు వేసేటప్పుడు మాత్రం ‘మూర అంటే 18 అంగుళాలు’ అని ఒక్క ముక్క చేర్చాలి. వ్యాపారంలో మెట్రిక్ కొలతలే వాడాలన్న చట్టాన్ని గానీ, ప్రయోగశాలలో నానోమీటర్లను గానీ కాదనడం నా ఉద్దేశం కాదు.

డీఎన్‌ఏ సంగతి ఇంకా బాగుంటుంది. హబ్సిగూడలో జీవకణాలపై, డీఎన్‌ఏపై పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ ఉన్న ఊరు మనది కాబట్టి ఆ మాట ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. డీఎన్‌ఏ నిచ్చెనలో మెట్టుకూ మెట్టుకూ మధ్య 3.4 ఆంగ్‌స్ట్రాంలు. మన దేహంలోని ఒక సాధారణ కణంలో అలాంటి మెట్లు రమారమి 640 కోట్లు. ఆ పోగులన్నిటినీ సాగదీసి కొసకు కొస కలిపితే దాదాపు నాలుగు మూరల ముప్పావు వస్తుంది. నాలుగు మూరలు ఒక బార కనుక, రెండు చేతులూ బారజాపి నిలబడితే వేళ్ల కొసలు దాటి మరికాస్త మిగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కొలతల వరుస పరమాణువుతోనే మొదలవుతుంది. ఎనిమిదేసి చొప్పున అయిదు మెట్లు ఎక్కితే అంగుళం, పన్నెండు అంగుళాలు జాన, ఇరవై నాలుగు హస్తం. దీన్ని చూపించి, నేటి పరమాణువును మనవాళ్లు ఆనాడే కొలిచారని కొందరు రాస్తున్నారు, సభల్లో చెబుతున్నారు. లెక్క వేసి చూస్తే అది నిలవదు. ఆ అంగుళంలో 32,768 పరమాణువులు. హస్తాన్ని మన మూరగా తీసుకుంటే ఒక్కొక్కటి సుమారు 5,800 ఆంగ్‌స్ట్రాంలు. దాని అడ్డంగా బంగారు పరమాణువులు రెండు వేలు పడతాయి. పేరు ఒకటే గానీ వస్తువు వేరు. అంగుళం మాటా అంతే: మూరకు ఆనాటివి ఇరవై నాలుగైతే నేటివి పద్దెనిమిది. కంటికి కనబడనంత చిన్న కొలతను కూడా వేలి వెడల్పుతో ముడివేసి చెప్పిన ఆ పద్ధతి గొప్పదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. లేని ఘనతను దానికి అంటగట్టడం వల్ల పిల్లలు పద్ధతిని వదిలి పొరపాటును నేర్చుకుంటారు.

కాబట్టి విజ్ఞాన పుటలో ఆంగ్‌స్ట్రాం, నానోమీటరు వచ్చిన చోట, పక్కనే ‘మూరకు ఇన్ని కోట్లు’ అని ఒక్క వాక్యం వేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. జాన, మూర, బారల్లో ఆంగ్‌స్ట్రాంలు ఎన్నో చూపే చిన్న పట్టిక ఒకటి తయారుచేశాను. మీరు కోరితే పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లకుంట, హైదరాబాద్.